సడలడం కూడా ఒక పనే

పర్లాకిమిడిలో మందుల దుకాణం నడిపేవాడు రోజుకు పది పన్నెండు సార్లయినా 'గ్యాస్' అన్న మాట వింటాడు. శ్రీకాకుళం యాసలో తెలుగు మాట్లాడేవారు, ఒడియా మాట్లాడేవారు, కొండ దిగి సంతకు వచ్చే సవరలు, మిగతా విషయాల్లో ఎవరి మాట వారిదైనా ఈ ఒక్క మాట దగ్గర అందరూ కలుస్తారు. గుండెల్లో మంట గ్యాసు, కడుపుబ్బరం గ్యాసు, వీపు పట్టేసినా గ్యాసే. ఇదే ఊళ్లో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా ఉంటూ వాడుక భాష కోసం వాదించి, సవర భాషకు వ్యాకరణం కూర్చిన గిడుగు రామమూర్తిగారి చేతికి ఈ మాట చిక్కి ఉంటే దాని కింద ఎన్ని అర్థాలు రాసుకునేవారో అని అప్పుడప్పుడు నవ్వుకుంటాను. దాని తర్వాత ఎక్కువగా వినబడేది 'కడుపు పిండీసినట్టున్నాది బాబూ, బిళ్ళొకటియ్యి' అన్నది. మొదటిదానికి ఆమ్లం తగ్గించే గొట్టం, అంటే క్యాప్సూల్, రెండోదానికి డైసైక్లోమిన్ బిళ్ళ. ఇరవై ఏళ్ళకు పైగా నా చేతులు ఈ రెండు అరల మధ్యే తిరిగాయి.

ఈ అరల వెనుక ఒక నమ్మకం ఉంది. పేగు తన మానాన తాను వదులుగా పడి ఉంటుంది, నరం వచ్చి దాన్ని బిగిస్తుంది, బిగింపు మితిమీరితే నొప్పి, బిగింపును ఆపితే సుఖం అన్నది ఆ నమ్మకం. అది సగం కూడా నిజం కాదని ఇప్పుడు నా అభిప్రాయం. పేగు కండరం సడలడానికి ప్రత్యేకంగా నరాలున్నాయి, అవి వదిలే రసాయనాలున్నాయి, వాటిని అందుకునే గ్రాహకాలున్నాయి, ఆ నరాలకు ఎప్పుడు పని చెప్పాలో నిర్ణయించే గ్రాహకాలు మళ్ళీ వేరే ఉన్నాయి. ఇంత ఏర్పాటు ఉన్న పనిని 'పని లేకపోవడం' కింద జమకట్టినందువల్ల మనం రోగాన్ని తప్పుగా చదువుతున్నాం, మందును తప్పుగా ఇస్తున్నాం. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. మా అప్ప, అంటే మా అక్క, కంచం ముందు రెండేళ్ళు పడిన అవస్థను కళ్ళారా చూసి కూడా గుర్తుపట్టలేకపోయినవాడిగా చెబుతున్నాను.

అప్పకు అప్పుడు యాభై రెండేళ్ళు. భోజనానికి కూర్చునేటప్పుడు కంచం పక్కన రెండు చెంబుల నీళ్ళు పెట్టుకునేది. నాలుగు ముద్దలు తిని లేచి నిలబడేది, భుజాలు వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి నీళ్ళు గటగటా తాగి, కళ్ళు మూసుకొని కాసేపు ఆగేది. లోపల ఏదో జారినట్టు ముఖం తేటపడగానే మళ్ళీ కూర్చునేది. గట్టి అన్నానికే కాదు, గంజికీ ఇదే తంతు. 'ఇక్కడ నిలబడిపోతన్నాదిరా, దిగడం నేదు' అంటూ రొమ్ము మధ్య వేలు పెట్టి చూపించేది. పడుకున్నాక, రాత్రి తిన్న పప్పన్నం మెతుకులు నోట్లోకి వచ్చేవి. పుల్లగా ఉంటున్నాయా అని అడిగితే, లేదు, తిన్నప్పటి రుచితోనే ఉంటున్నాయి అని చెప్పింది. ఆ జవాబు దగ్గరే నేను ఆగిపోవలసింది. పొట్టలోకి దిగి తిరిగి వచ్చిన అన్నానికి ఆమ్లపు ఘాటు ఉంటుంది. ఘాటు లేదంటే ఆ మెతుకు పొట్ట ముఖమే చూడలేదు.

నేను ఆగలేదు. ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్, పొట్టను కదిలించే డాంపెరిడోన్ కలిసిన గొట్టం పరగడుపున వేసుకోమని ఇచ్చాను. ఊళ్లో చూసిన వైద్యుడూ, పై ఊళ్లో చూసిన ఇద్దరూ అదే రాశారు కనుక నా తెలివి మీద నాకు నమ్మకం కూడా పెరిగింది. ఎండోస్కోపీ చేసినాయన పెద్దగా ఏమీ లేదన్నారు. పన్నెండు కిలోలు తగ్గాక, ఒక చిన్న వయసు వైద్యురాలు బేరియం తాగించి ఎక్స్‌రే తీయించింది. ఆ ఫిల్మును దుకాణంలో ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకొని చూశాను. పైన ఆనపకాయ బుర్రలా ఉబ్బిన అన్నవాహిక, కిందికి వచ్చేసరికి పిట్ట ముక్కులా సన్నబడి, ఆ కొస నుంచి పొట్టలోకి దారప్పోగు లాంటి ఒక తెల్లని గీత. అకలేసియా అన్నారు. గ్రీకు మూలాన్ని పట్టి చూస్తే ఆ మాటకు సడలకపోవడం అనే అర్థం. లక్ష మందిలో ఏడాదికి సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు ఇది. 1674లోనే ఇంగ్లాండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు ఇలాంటి రోగిని వర్ణించి, తిమింగలం ఎముక కొసకు స్పాంజి కట్టి ఇచ్చి, దానితో అన్నాన్ని కిందికి తోసుకోమన్నాడు. మూడు వందల యాభై ఏళ్ళ తర్వాత నేను ఇచ్చిన గొట్టం కన్నా ఆ ఎముక నయమని ఒప్పుకోవాలి.

ఇది నాకు ఎందుకు తట్టలేదు అని ఆలోచిస్తే, 1990ల చివర బరంపురంలో ఫార్మసీ చదివిన రోజుల ప్రయోగశాల గుర్తుకు వస్తుంది. కోడి పేగు నుంచి కోసిన మూడు సెంటీమీటర్ల ముక్కను, ముప్ఫై ఏడు డిగ్రీల వేడి ఉన్న టైరోడ్ అనే లవణ ద్రావణంలో నిలువుగా వేలాడదీసేవాళ్ళం. అది బతికి ఉండడానికి చేపల తొట్టెకు వాడే పంపుతో గాలి బుడగలు వదిలేవాళ్ళం. పై కొసకు కట్టిన దారం ఒక తేలికపాటి మీటకు, మీట కొస నెమ్మదిగా తిరిగే డ్రమ్ము మీది కాగితానికి తగిలేది. ఆ కాగితానికి ముందే కిరసనాయిలు మంట పొగతో మసి పట్టించేవాళ్ళం. ప్రయోగం ఉన్న రోజు సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వచ్చేది. సిరంజితో, నరాల కబురు మోసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్ కొంచెం వేయగానే ముక్క ముడుచుకునేది, మీట లేచేది, మసిలో తెల్లని కొండ గీసుకునేది. ముందుగా, దాన్ని అడ్డుకునే అట్రోపిన్ వేసి ఉంచితే కొండ లేచేది కాదు. మా రికార్డు పుస్తకాల నిండా ఈ కొండలే.

లోయలు మాత్రం ఆ పుస్తకాల్లో లేవు. దానికి కారణం చూడడానికి అల్పమైనది. అప్పటికే వదులుగా వేలాడుతున్న ముక్క ఇంకా సడలడానికి చోటేదీ? సడలింపు కంటికి కనబడాలంటే ముందు కండరాన్ని ఏదో ఒక మందుతో కొంత బిగించి, ఆ బిగువు మీద నరాన్ని తట్టి చూడాలి. మేం అలా చేయలేదు. అందుచేత నరం అంటే బిగించేది అన్న అర్థం, ఎవరూ నేర్పకుండానే, మసి కాగితం మీది నుంచి మా బుర్రల్లోకి దిగింది. పాఠ్యపుస్తకంలో, మెదడు నుంచి పొట్టకు దిగే వేగస్ నరం ఎసిటైల్‌కోలిన్‌తో బిగిస్తుంది, సింపథెటిక్ నరం నారడ్రినలిన్‌తో వదులు చేస్తుంది అన్న రెండు సిబ్బెల తక్కెడ ఉండేది. పరీక్షకు అది చాలింది.

తక్కెడ సరిపోదని తెలిసి అప్పటికే చాలా కాలమైంది. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కుక్క పేగును పరిశీలించి, ఒక చోట పేగును తాకితే దానికి పైభాగం బిగుస్తుందని, కింది భాగం సడలుతుందని, బయటి నరాలను తెగ్గొట్టినా ఈ వ్యవహారం సాగుతుందని రాశారు. ముద్ద ముందుకు పోవాలంటే వెనుక తోసేవాడు ఒకడు చాలడు, ముందు దారి ఇచ్చేవాడు కూడా ఉండాలి. రథయాత్రలో తాళ్ళు లాగేవారి సంగతి అందరూ చెప్పుకుంటారు గాని, ముందు నిలబడి జనాన్ని పక్కకు జరిపేవారు లేకపోతే రథం ఒక్క బార కూడా కదలదు. 1960ల మొదట్లో మెల్‌బోర్న్‌లో జెఫ్రీ బర్న్‌స్టాక్, ఆయన సహచరులు గినీ పంది పెద్దపేగు కండరం మీద పనిచేస్తూ, ఎసిటైల్‌కోలిన్ పనినీ నారడ్రినలిన్ పనినీ మందులతో అడ్డుకున్నాక కూడా, విద్యుత్తుతో నరాన్ని తడితే కండరం సడలడాన్ని నమోదు చేశారు. గోళపు చేప విషమైన టెట్రోడోటాక్సిన్‌తో నరాలను మొద్దుబారిస్తే ఈ సడలింపు పోతుంది, కాబట్టి ఇది నరం చేసే పనే. తక్కెడలో లేని మూడో చేయి ఒకటి ఉందని దీనితో తేలింది. ఆ చేతిలో ఉన్నది ఏటీపీ అని బర్న్‌స్టాక్ 1970లో, మరింత గట్టిగా 1972లో వాదించారు. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ నరాల కబురు ఎలా మోస్తుందని చాలామంది ఏళ్ళ తరబడి ఆయనను వెక్కిరించారు. 1970లోనే సయీద్, మట్ అనే ఇద్దరు పంది పేగు నుంచి వీఐపీ అనే పెప్టైడును వేరు చేశారు, అదీ సడలించేదే. ఆపైన 1990లో బెల్జియం పరిశోధకులు కుక్క చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట నైట్రిక్ ఆక్సైడ్ ఈ పని చేస్తోందని చూపించారు. వాయువు ఒకటి నరానికి దూతగా ఉంటుందన్నది అప్పటికి వింత సంగతి. మా గ్యాసు వ్యాధిగ్రస్థులకు ఈ మాట చెబితే సంబరపడతారు.

ఇవేవీ ఒకదాన్నొకటి కాదనలేదు. కబురు మోసేవి మూడు, అందుకునే తీరు మూడు రకాలు. ఏటీపీకి పీ2వై1 అనే గ్రాహకం ఉంది. దాన్ని తాకిన వెంటనే పొటాషియం దారులు తెరుచుకుని కండరం ఒక్కసారిగా చల్లబడుతుంది. తేనెటీగ విషంలోని అపమిన్ ఈ దారులను మూసేయగలదు. వీఐపీ నెమ్మదిగా, నిలకడగా పనిచేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కు కణం గోడ మీద గ్రాహకం అక్కర్లేదు. అది నేరుగా లోపలికి చొరబడి గ్వానిలైల్ సైక్లేజ్ అనే ఎంజైమును పట్టుకుంటుంది, ఆ ఎంజైమే దానికి గ్రాహకం. దానివల్ల పుట్టే సైక్లిక్ జీఎంపీ కాల్షియంను అణచి కండరాన్ని వదులు చేస్తుంది. 1993లో ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే నాడీ ఎంజైము జన్యువును ఎలుకల్లో తీసేస్తే, వాటి పొట్ట చివరి మూతి కండరం దళసరెక్కి, లోపలిది బయటికి పోలేక పొట్ట బుట్టలా ఉబ్బింది. సడలింపు పోతే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చూపించే ప్రయోగం నాకు కనబడలేదు. పెద్దపేగు కింది భాగంలో నరాల కణాలే లేకుండా పుట్టే పసిబిడ్డల సంగతీ ఇదే. సుమారు ఐదు వేల కాన్పుల్లో ఒకరికి వచ్చే ఈ హిర్ష్‌స్ప్రంగ్ జబ్బులో నరాలు లేని ముక్క వదులుగా వేలాడదు, బిగుసుకొనే ఉంటుంది. నరం లేకపోతే కండరం వదులవుతుందన్న మా మసి కాగితపు నమ్మకానికి ఆ బిడ్డల పొట్టే జవాబు.

ఇక నేను అసలు చెప్పదలచిన చోటికి వచ్చాను. రసాయనానికి తనంతట తనకు గుణం లేదు, దాన్ని అందుకునే గ్రాహకం ఏది, అది ఏ కణం మీద ఉంది అన్నదే గుణం. మింగేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అన్నవాహిక కొసన ఉండే సంవరణి కండరం మామూలుగా మూసుకొని ఉంటుంది. ముద్ద మింగగానే మెదడు నుంచి వేగస్ నరం కబురు పంపుతుంది. ఆ కబురును మోసేది ఎసిటైల్‌కోలిన్, అంటే మా కొండలు గీసిన రసాయనమే. అది కండరం మీది మస్కరినిక్ గ్రాహకాన్ని తాకితే బిగిస్తుంది. కానీ ఇక్కడ అది ముందుగా అన్నవాహిక గోడలోనే ఉన్న సడలించే నరకణాన్ని, దాని మీది నికోటినిక్ గ్రాహకాన్ని తాకుతుంది. ఆ నరకణం నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, సంవరణి ఆరేడు సెకన్లు తెరుచుకుంటుంది, ముద్ద జారుతుంది. ఒకే ఎసిటైల్‌కోలిన్ ఒక గుమ్మం దగ్గర తలుపు వేస్తుంది, ఇంకో గుమ్మం దగ్గర తలుపు తీయిస్తుంది. అప్పకు పోయినవి ఆ సడలించే నరకణాలు. బిగించే నరాలు చాలావరకు మిగిలాయి. అంటే తలుపు వేసేవాడు ఉన్నాడు, తీసేవాడు లేడు.

అలాంటి మనిషికి నేను డాంపెరిడోన్ ఇచ్చాను. బిగించే నరాల కొసల మీద డోపమిన్ గ్రాహకాలు ఉంటాయి. అవి ఎసిటైల్‌కోలిన్ ఎక్కువగా కారకుండా పగ్గం పట్టి ఉంచుతాయి. డాంపెరిడోన్ ఆ గ్రాహకాన్ని మూసి పగ్గం వదిలేస్తుంది. పొట్ట మందంగా ఉన్నవాడికి అది మేలు చేయవచ్చు, పులుపు పైకి తన్నేవాడికి సంవరణిని కొంత బిగించడం కూడా మేలే. అప్పకు మాత్రం అది తలుపు వేసేవాడి చేతికి ఇంకో గొళ్ళెం అందించడమే అయింది. ఆ మందు ప్రభావం పెద్దది కాదు, దానివల్లే జబ్బు ముదిరిందని నేను అనను. రెండేళ్ళు కాలయాపన చేయించిందని అంటాను. మందు పేరు, మోతాదు, తిండికి ముందా తర్వాతా అన్నవన్నీ నాకు కంఠతా వచ్చు, అది ఏ నరం కొస మీద ఏ గ్రాహకాన్ని తాకుతుందో కూడా ఒకప్పుడు రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే. గల్లాపెట్టె ముందు కూర్చున్నాక ఆ జ్ఞానం ఎక్కడికి పోతుందో!

నరాల కొసల మీది ఈ పగ్గాల సంగతి నల్లమందు దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. విరేచనాలు పట్టుకుంటే ఆవగింజంత నల్లమందు నాలుక మీద పెట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. నల్లమందులోని మార్ఫిన్, ఈనాటి లోపరమైడ్, రెండూ పేగు నరాల మీది మ్యూ గ్రాహకాన్ని తాకుతాయి. లోపరమైడ్ మెదడులోకి దాదాపుగా వెళ్ళదు కనుక మత్తు ఉండదు. ఈ గ్రాహకం నరాన్ని నోరు మూసుకోమంటుంది. బిగించే నరం నోరు మూసుకుంటే పేగు చచ్చుబడినట్టు వదులుగా ఉండాలి కదా? ఉండదు. మార్ఫిన్ పుచ్చుకున్నవాడి పేగు గుండ్రటి కండరం అక్కడక్కడ గట్టిగా నొక్కుకుని, ముందుకు తోయకుండా ఉన్నచోటే పిసుకుతూ ఉంటుంది, మూతి కండరాలు బిగుస్తాయి. ఎందుకంటే ఆ మందు సడలించే నరాల నోరు కూడా మూయిస్తుంది. పేగు గుండ్రటి కండరాన్ని సడలించే నరాలు రోజంతా కళ్ళెం పట్టి ఉంచుతాయి, కళ్ళెం జారితే అది తనంతట తానే బిగుసుకుంటుంది. విరేచనాల్లో రక్తం, జ్వరం ఉన్నప్పుడు లోపరమైడ్ ఇవ్వకూడదని మేం చెప్పడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పోవలసిన విషాన్ని పేగు లోపలే కట్టి పెట్టినట్టవుతుంది. వానాకాలం మొదలైతే నా బల్ల మీద లోపరమైడ్ కన్నా ఓఆర్ఎస్ పొట్లాలు ముందు వరసలో ఉంటాయి. అది చూసి విసుక్కునేవారు రోజూ ఉంటారు.

పొట్ట విషయం ఇంకా సున్నితం. ఖాళీ పొట్ట ముడుచుకొని ఉంటుంది. తినడం మొదలుపెట్టగానే దాని పైభాగం నైట్రిక్ ఆక్సైడ్ వదిలే నరాల చలవతో సంచిలా వదులై చోటు ఇస్తుంది. ఈ వదులు కాకపోతే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయినట్టు ఉంటుంది. పుండు లేదు, ఎండోస్కోపీ శుభ్రం, అయినా తినలేరు. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 1998లో ఇలాంటివారిని పరీక్షించి, దాదాపు 40 శాతం మందిలో ఈ సడలింపు సరిగా లేదని చూపించారు. సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో ఒక రకాన్ని తాకే బస్పిరోన్ అనే మందు, అది మానసిక ఆందోళనకు వాడేది, పొట్ట పైభాగాన్ని వదులు చేసి కొందరికి ఉపశమనం ఇచ్చింది. అదే సెరటోనిన్‌కు ఇంకో రకం గ్రాహకం మీద, అంటే మోసాప్రైడ్ లాంటి మందులు తాకే గ్రాహకం మీద, ఎసిటైల్‌కోలిన్‌ను ఎక్కువగా వదిలించే గుణం ఉంది. ఇలాంటి వ్యక్తి నా దగ్గరికి వచ్చి 'గ్యాస్' అంటే నేను ఇంతకాలం ఆమ్లం తగ్గించి పంపాను. చోటు లేని గదిలో మంట ఆర్పినట్టు.

పనిచేస్తున్న ఉదాహరణ కూడా ఒకటి నా దుకాణంలోనే ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మలద్వారం చీలికకు రాసే నైట్రోగ్లిజరిన్ పూత. మా వైపు అక్కడ ఏ బాధ వచ్చినా మొలలనే అంటారు. నిజానికి చాలామందికి ఉన్నది చీలిక, దాన్ని మానకుండా చేస్తున్నది లోపలి సంవరణి బిగువు. పోయిన నైట్రిక్ ఆక్సైడ్‌ను పైపూతగా పెట్టి కండరాన్ని వదులు చేస్తే రక్తం ఆడుతుంది, చీలిక మానుతుంది. తలనొప్పి వస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే రెండో రోజు మానేస్తారు. నరం చేయవలసిన పనిని, ఆ నరం భాషలోనే, వేలి కొసతో చేయించే మందు ఇది.

ఇదంతా విని మా బావమరిది ఒక మాట అన్నాడు. 'అయితే కడుపు నొప్పన్న ప్రతివాడినీ విశాఖపట్నం పంపి మానోమెట్రీ చేయించమంటావా బావా? గుణుపురం పాసింజరు నిండిపోతుంది.' మానోమెట్రీ అంటే అన్నవాహిక లోపలి ఒత్తిడిని కొలిచే పరీక్ష. న్యాయమైన ప్రశ్నే. వందలో తొంభై మందికి ఆ రెండు అరలే చాలు. కడుపు మెలిపెట్టే నొప్పికి డైసైక్లోమిన్ పనిచేస్తుంది, కండరం మీది మస్కరినిక్ గ్రాహకాన్ని మూసి బిగువును ఆపుతుంది. అందులో తప్పు లేదు. నా తగాదా మందుతో కాదు, ప్రశ్న అడగకుండా మందు ఇవ్వడంతో. ప్రశ్నలకు రైలు టిక్కెట్టు అక్కర్లేదు. ముద్ద దిగడం లేదన్నవారిని, నీళ్ళు దిగుతున్నాయా అని అడగాలి. గడ్డలాంటి అడ్డం ఉంటే సాధారణంగా ముందు గట్టి తిండి, తర్వాత ఎప్పటికో నీళ్ళు ఆగుతాయి. నరం చెడితే మొదటి నుంచీ రెండూ ఆగుతాయి. ఏది ఆగినా బిళ్ళ ఇవ్వకుండా వైద్యుడి దగ్గరికి పంపాలి. పైకి వచ్చిన మెతుకు పుల్లగా ఉందా అని అడగాలి. నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందా, లేక తిన్నాక మంటా అని అడగాలి. నాలుగు మాటలు. నేను ఇంట్లో ఉన్న మనిషిని అడిగి, జవాబు విని, దాని అర్థం తీయలేదు.

అప్పను చివరికి ఆ పాసింజరులోనే విశాఖపట్నం తీసుకువెళ్ళాం. ముక్కులోంచి సన్నని గొట్టం దించి, మింగినప్పుడు లోపల ఒత్తిడి కొలిచారు. సంవరణి దగ్గర ఒత్తిడి గీత, ఎన్నిసార్లు మింగినా, దిగలేదు. వైద్యుడు మూడు దారులు చెప్పారు: బొటాక్స్ సూది, అది ఎసిటైల్‌కోలిన్ రాకుండా చేసి కొన్ని నెలలు బిగువు తగ్గిస్తుంది, బెలూను పెట్టి సాగదీయడం, లేదా ఆ కండరాన్నే కోయడం. కోత 1913లో జర్మనీలో హెలర్ పొట్ట తెరిచి మొదలుపెట్టినది. 2008లో జపాన్‌లో ఇనౌయె దాన్ని నోట్లోంచి, ఎండోస్కోపుతో చేసి చూపించారు. అప్పకు ఆ నోటి దారి కోతే చేశారు. మూడో రోజు జావ, వారానికి మెత్తని అన్నం.

ఇప్పుడు ఒక చెంబు నీళ్ళు చాలు, అవీ మామూలుగా కూర్చునే తాగుతుంది. కానీ నరాలు తిరిగి రాలేదు. తలుపు తీసేవాడు రాలేదు కాబట్టి తలుపునే ఊడదీశారు. ఊడిన తలుపు మూసుకోదు, రాత్రిళ్ళు పులుపు పైకి వస్తుంది, ఈసారి మెతుకులు నిజంగానే పుల్లగా ఉంటున్నాయట. మంచం తలవైపు కోళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టాం, రాత్రి అన్నం ఏడింటికే పెట్టేస్తున్నాం. పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ ఒకటి నేనే ఇస్తున్నాను, డాంపెరిడోన్ లేనిది.